మనస్సు కుదుటపడే వేళ నొప్పి ఎందుకు తెలుస్తుంది?

నొప్పి శరీరానికి, దుఃఖం మనస్సుకు సంబంధించినవని మనం సామాన్యంగా విభజించుకొంటాము. ఆయుర్వేదం ఈ విభజనను పూర్తిగా అంగీకరించలేదు. వేదనకు ఆశ్రయం ఏది అన్న ప్రశ్న చరకసంహిత శారీరస్థానంలో వస్తుంది. మనస్సు, ఇంద్రియాలతో కూడిన దేహం, ఈ రెండూ వేదనకు నిలయాలేనని అక్కడ సమాధానం. వెంట్రుకలు, గోళ్ళ కొనలు, మలాదులు మాత్రమే ఇందుకు మినహాయింపు. కావున మనస్సు వికలమైనపుడు దేహంలోని నొప్పి హెచ్చడం గాని, తగ్గడం గాని మా శాస్త్రానికి వింత కాదు. ఐతే ఒక మనోవ్యాధిలో ఈ సంబంధం ఎంత విపరీతంగా ఉంటుందో గత పాతిక సంవత్సరాల పరిశోధనలు చూపినవి. ఆ వ్యాధి నుండి కోలుకొంటున్న వారున్న ఇళ్ళలో ఈ సంగతి తెలియక చాల పొరపాట్లు జరుగుతున్నవి.

ఆ వ్యాధిని మానసిక వైద్యులు 'బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్' అంటారు. బోర్డర్‌లైన్ అంటే సరిహద్దు. సామాన్య మనోవ్యాకులతకూ, తీవ్రమైన మతిభ్రమణకూ నడుమ నిలిచినట్లు కనిపించే రోగులను గూర్చి 1938లో అమెరికాలో అడాల్ఫ్ స్టెర్న్ అనే వైద్యుడు ఈ మాట వాడినాడు. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో దీనిని చేర్చింది. సరిహద్దు అన్న భావన తరువాత పాతబడిపోయినా పేరు మాత్రం నిలిచిపోయింది. కోపం, దుఃఖం, భయం క్షణంలో ఉప్పెనలా లేచి చాలసేపటికి గాని చల్లారకపోవడం, తనవారు తనను విడిచిపోతారన్న భీతి, ఒకరిని నేడు దేవుడిగా రేపు శత్రువుగా చూడడం, లోపల అంతా బోలుగా ఉన్నదన్న బాధ, ముందువెనుకలు చూడని తొందరపాటు పనులు, చావును గూర్చిన మాటలు, తన దేహాన్ని తానే గాయపరచుకోవడం దీని లక్షణాలు. ఇవన్నీ ఒకే మనిషిలో ఉండనక్కరలేదు. సాధారణంగా యౌవన ప్రారంభంలో బయటపడుతుంది.

దీనికి సరిగా అతికే పేరు మా గ్రంథాలలో లేదు. కొందరు వైద్యులు దీనిని ఉన్మాదంలో చేర్చుతున్నారు. నాకది సమ్మతం కాదు. ఈ రోగికి తన స్థితి తనకు చాలవరకు తెలిసే ఉంటుంది. తెలిసీ ఆపుకోలేకపోవడమే అతని దుఃఖం. పైగా ఉన్మాదం అన్న మాట వైద్యుని గది దాటి ఇంటికి చేరేసరికి 'పిచ్చి' అవుతుంది, పెండ్లి సంబంధాల నాటికి ఇంకేదో అవుతుంది. రజస్తమస్సులు మనస్సుకు దోషాలని, మనస్సు చలించినపుడు వాతం, అందులోను ప్రాణవాయువు, దానితోపాటు చలిస్తుందని గ్రహించితే చాలు.

నొప్పి ఎక్కడికి పోతుంది?

పొలం గట్టున పాము కనబడి పరుగు తీసినవానికి కాలిలో ముల్లు దిగిన సంగతి ఇల్లు చేరి కూర్చున్న తరువాత గాని తెలియదు. ముల్లు దిగినపుడు నరం పని చేయలేదా? చేసింది. ప్రాణభయం ముందు ఆ కబురును మెదడు ప్రక్కన పెట్టింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ వైద్యుడు ఇటలీ యుద్ధరంగంలో తీవ్రంగా గాయపడిన సైనికులను పరిశీలించి, వారిలో అధికసంఖ్యాకులు నొప్పి తగ్గించే మందు అక్కరలేదనడం చూచి 1946లో ప్రకటించినాడు. ఆపద వేళ దేహం తనలోనే నొప్పిని అణచే ద్రవ్యాలను పుట్టించుకొంటుంది. అవి నల్లమందు వలె పని చేస్తవి. ఆపద గడచిన పిదప వాటి ప్రభావం తగ్గి నొప్పి తెలుస్తుంది.

మనం చెప్పుకొంటున్న వ్యాధిలో పాము ఎప్పుడూ ఎదుటనే ఉన్నట్లుంటుంది. జర్మనీలో మార్టిన్ బోహుస్, ఆయన సహచరులు 2000 సంవత్సరంలో ప్రచురించిన పరిశోధనలో ఈ వ్యాధిగల స్త్రీల చేతిని చల్లని నీటిలో ఉంచి, ఎంత నొప్పి కలిగిందో అడిగి తెలిసికొన్నారు. మనస్సు నెమ్మదిగా ఉన్న సమయంలోనే వారికి ఆరోగ్యవంతులకంటె తక్కువ నొప్పి తెలిసింది. తీవ్ర వ్యాకులతలో ఉన్నపుడు మరీ తక్కువగా తెలిసింది. ఒత్తిడి పెరిగిన కొలది నొప్పి తగ్గుతున్నదన్నమాట.

నరాలు చెడినవేమో అని సందేహం రావచ్చును. కుష్ఠంలో, ముదిరిన మధుమేహంలో స్పర్శ తెలియకపోవడం వంటిదా ఇది? కాదు. నొప్పి కబురు మెదడు వరకు సక్రమంగానే చేరుతున్నదని అదే దేశంలోని తదుపరి పరీక్షలలో తేలింది. ఏ చోట తగిలిందో, ఎంత వేడి తగిలిందో రోగి సరిగానే చెప్పగలడు. చేరిన కబురు 'బాధ'గా మారవలసిన చోట మార్పు జరుగుతున్నది. మాన్‌హైమ్ నగరంలోని మానసిక ఆరోగ్య పరిశోధనాలయంలో క్రిస్టియన్ ష్మాల్ బృందం 2006లో మెదడు చిత్రాలు తీసి చూచింది. రోగుల చేతికి వేడి తగిలించినపుడు మెదడు ముందుభాగంలో అదుపు చేసే కేంద్రం ఎక్కువగా పని చేసింది. భయాన్ని, బాధను రుచి చూపే లోపలి కేంద్రాలు అణగిపోయినవి. ఇది రోగి కావాలని చేసేది కాదు. వ్యాకులత మితిమీరినపుడు తన దేహం తనది కానట్లు, తనను తానే దూరం నుండి చూస్తున్నట్లు వారికి అనిపిస్తుంది. అట్టి స్థితిలో నొప్పి మరింత మందగిస్తుంది.

స్వీయగాయం గూర్చి ఇక్కడ కొంత చెప్పక తప్పదు. 'ఇతరులను బెదిరించడానికి చేస్తున్నాడు' అని ఇంటివారు అనుకొంటారు. లోపల భరించరాని బిగువు ఏర్పడినపుడు గాయపు బాధ ఆ బిగువును కొద్దిసేపు సడలించడం వలన చాలమంది ఆ పని చేస్తారు. ఆ సడలింపు క్షణికం. వెంటనే సిగ్గు, భయం, దాచుకోవడం. వాటి వలన మరల బిగువు. ఈ చక్రాన్ని తెలిసికొన్నవారు తిట్టరు, బతిమాలరు. నెమ్మదిగా గాయం కడిగి కట్టు కట్టి, వైద్యుని వద్దకు తీసికొని వెళతారు. చావు మాట ఎన్నిమార్లు విన్నదైనా తేలికగా తీసికొనకూడదు. ఈ వ్యాధిలో ఆ అపాయం నిజమైనది. మన ఊళ్ళలో పురుగుమందు డబ్బా అటకపైననో, పశువుల పాకలోనో అందరికీ అందుబాటులో ఉంటుంది. అట్టి రోగి ఉన్న ఇంట అది ఉండనేకూడదు. మాత్రలు కూడ నెలకు సరిపడ కాక, వారానికి సరిపడ మాత్రమే బయట ఉంచి తక్కినవి తాళం వేయవలెను.

సహనం వేరు, మొద్దుబారడం వేరు

రోగి బలాన్ని పరీక్షించేటపుడు సత్త్వాన్ని కూడ పరీక్షించవలెనని చరకుడు విమానస్థానంలో చెప్పినాడు. ప్రవరసత్త్వుడు అల్పశరీరుడైనా మహావేదనలను చెక్కుచెదరక సహిస్తాడు. మధ్యమసత్త్వుడు ఇతరులను చూచి, ఇతరుల ఓదార్పు వలన నిలదొక్కుకొంటాడు. అవరసత్త్వుడు ఎంత దేహదారుఢ్యం ఉన్నవాడైనా స్వల్పవేదనకే కుంగిపోతాడు. ఇది చదివిన కుర్రవైద్యుడు, కాలిన చేతితో నిర్వికారంగా కూర్చున్న ఈ రోగిని చూచి ప్రవరసత్త్వుడని నిర్ణయించే ప్రమాదం ఉన్నది. అది సరికాదు. ప్రవరసత్త్వునికి నొప్పి తెలుస్తుంది, తెలిసీ చలించడు. ఈ రోగికి నొప్పి సరిగా తెలియనే తెలియదు. వాతవికారాలలో చెప్పిన 'సుప్తి', అనగా తిమ్మిరి లేదా మొద్దుబారడం, దీనికి దగ్గర పోలిక. నిద్రపోతున్న కావలివానిని శాంతస్వభావుడని మెచ్చుకోము గదా.

ఇందులోనే మరొక చిక్కు ఉన్నది. తాకిడివలన కలిగే అప్పటికప్పటి నొప్పి తెలియని ఈ రోగులే తలనొప్పి, నడుమునొప్పి, ఒళ్ళంతా సలపరం వంటి దీర్ఘకాలపు నొప్పులతో ఇతరులకంటె ఎక్కువగా బాధపడతారు. చేయి కాలితే తెలియదు, నెలల తరబడి నడుము లాగుతున్నదంటారు. చూచేవారికి ఇది నటన వలె తోస్తుంది. నటన కాదు. దేహం నిరంతరం బిగుసుకొని ఉండడం, నిద్ర చెడడం, అగ్ని విషమించడం వీటన్నిటికీ అందులో భాగమున్నది.

కోలుకొనేటప్పుడు

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ వ్యాధి నయం కాదన్న అపోహ వైద్యులలో కూడ చాలకాలం ఉండేది. అమెరికాలో మేరీ జానరీని, ఆమె సహచరులు 290 మంది రోగులను 1992 నుండి సంవత్సరాల తరబడి పరిశీలించినారు. పదేండ్లలో వారిలో నూటికి 93 మందికి వ్యాధిలక్షణాలు కనీసం రెండేండ్లపాటు తగ్గి ఉన్నవని 2010లో ప్రకటించినారు. లక్షణాలు తగ్గడమే కాక చదువు లేదా ఉద్యోగం, మంచి స్నేహం కూడ నిలుపుకొన్నవారు మాత్రం సగం మందే. ఆశకు, జాగ్రత్తకు రెంటికీ ఇందులో ఆధారమున్నది.

అట్లు కోలుకొనేవారిలో నొప్పి సంగతి ఏమవుతుంది? మాన్‌హైమ్ పరిశోధకులే 2009లో దీనికి సమాధానం ప్రచురించినారు. స్వీయగాయాలు ఇంకా చేసికొంటున్నవారికి నొప్పి బాగా మందం. ఆ అలవాటు మానినవారికి నొప్పి తెలివిడి వారికీ ఆరోగ్యవంతులకూ మధ్యస్థంగా ఉన్నది. అనగా మనస్సు కుదుటపడే కొలది నొప్పి తన స్థానానికి తిరిగి వస్తున్నది. రాత్రంతా చేయి తలక్రింద పెట్టుకొని పడుకొన్నవానికి లేచిన తరువాత తిమ్మిరి వదలేటప్పుడే చేయి సూదులతో పొడిచినట్లుంటుంది. రక్తం పారుతున్నదనడానికి అదే గుర్తు.

ఈ మార్పును ఇంటివారు తలక్రిందులుగా అర్థం చేసికొంటారు. మానసిక వైద్యుని వద్ద ఐదేండ్లుగా చికిత్స పొందుతూ బాగా తేరుకొన్న ఒక యువతిని ఆమె తల్లి నా వద్దకు తీసికొని వచ్చింది. "వైద్యులుగారూ, ఇదివరకు చేయి కాలినా కిక్కురుమనేది కాదండీ. ఇప్పుడు నెలసరి నొప్పికే మంచం పట్టి ఏడుస్తున్నది. జబ్బు తిరగబెట్టిందంటారా?" అని ఆమె ఆందోళన. అమ్మాయి తల వంచుకొని కూర్చున్నది. ప్రశ్నించగా నిద్ర, ఆహారం, చదువు అన్నీ సవ్యంగా ఉన్నవి. స్వీయగాయం మాని రెండేండ్లు దాటింది. "తిరగబెట్టలేదమ్మా, తిరిగి వచ్చింది నొప్పి. అది రావలసినదే" అని చెప్పి, పొత్తికడుపుపై వేడినీటి కాపడం, భోజనానంతరం వాము కాచిన నీరు చెప్పినాను. స్త్రీవైద్యనిపుణులకు కూడ చూపించమన్నాను. ఎందుకనగా, పాత మనోవ్యాధి ఉన్నదని కొత్త నొప్పిని మనస్సు ఖాతాలో వేయడం పెద్ద తప్పు. గర్భాశయంలో గడ్డ ఉండవచ్చును, మరేదైనా ఉండవచ్చును. పరీక్షించకుండ తేల్చరాదు.

ఇట్టివారికి పాత నష్టాలు కూడ ఇప్పుడే బయటపడతవి. నొప్పి తెలియని సంవత్సరాలలో పుచ్చిపోయిన పళ్ళు, సరిగా అతుకని బెణుకులు, పట్టించుకోని కడుపుమంట ఒక్కసారిగా పలకరిస్తవి. కోలుకొంటున్నవారిని ఒకసారి దంతవైద్యునికి, ఒకసారి సామాన్య వైద్యునికి చూపించడం వృథా కాదు.

ఒత్తిడి విషయం వేరు. అది నొప్పి వలె అంత త్వరగా దారికి రాదు. జానరీని బృందం పరిశీలనలోనే స్వీయగాయం, ఆత్మహత్యాప్రయత్నం వంటి ఉద్ధృత లక్షణాలు ముందుగా తగ్గుతవని, కోపం, లోపలి శూన్యభావం, విడిచిపోతారన్న భయం చాలకాలం నిలిచి ఉంటవని తేలింది. వాన వెలిసినా చూరు నుండి నీరు కారుతూనే ఉంటుంది. కాగా, లోగడ ఒత్తిడి మీరినపుడు దేహం మొద్దుబారి రోగిని ఒక విధంగా కప్పి ఉంచేది. ఇప్పుడు ఆ కప్పు తొలగింది, ఒత్తిడి మిగిలింది. పాత ఉపాయం పోయి కొత్త ఉపాయం ఇంకా చేతికి రాని ఈ నడిమికాలంలోనే ఇంటి ఆదరువు ఎక్కువ కావలెను. మన ఇళ్ళలో మాత్రం సరిగా ఈ సమయంలోనే 'ఇప్పుడు బాగుంది గదా' అని మందులు మాన్పిస్తారు, పెండ్లిచూపులు ప్రారంభిస్తారు. పెండ్లి ఔషధం కాదు. కోలుకొన్నవారు ఇష్టపడి చేసికొంటే శుభమే. ఇంకా చూరు కారుతుండగా చేస్తే అది మరొక పెద్ద ఒత్తిడి మాత్రమే.

ఇంటిలో చేయదగినవి

"నీకేం నొప్పి? అంతా నాటకం" అన్న మాట ఇంట వినబడకూడదు. ఇది దయాదాక్షిణ్యాల ఊసు కాదు, చికిత్సలో భాగం. అమెరికాలోని సియాటిల్ నగరంలో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు మార్షా లినెహాన్ ఈ వ్యాధికి ఒక శిక్షణాక్రమం ఏర్పరచి 1993లో గ్రంథస్థం చేసినారు. తన యౌవనంలో తానే ఇట్టి బాధ పడినానని 2011లో బహిరంగంగా ప్రకటించిన ధీశాలి ఆమె. పుట్టుకతో సున్నితమైన మనస్సు, ఆ మనస్సు చెప్పేదానిని మాటిమాటికి కొట్టిపారవేసే పరిసరాలు, ఈ రెండు కలిసి వ్యాధిని పెంచుతవని ఆమె సిద్ధాంతం. రోగి బాధను ముందు ఉన్నదని ఒప్పుకొని, పిదప దానిని దాటే నేర్పులను ఒకటొకటిగా అభ్యాసం చేయించడం ఆమె పద్ధతి. అహితమైన విషయాల నుండి మనస్సును మరల్చే సత్త్వావజయ చికిత్సను చరకుడు చెప్పినాడు. రెండూ ఒకటే అనను గాని, ఇరుగుపొరుగువి. నేడు ఈ వ్యాధికి ప్రధాన చికిత్స ఇట్టి మాటల చికిత్సయే. అది తెలిసిన మానసిక నిపుణుని వెదకి పట్టుకోవడం ఇంటివారి మొదటి పని. వంటింటి చిట్కాలు దాని తరువాతనే.

చిట్కాలలో నేను ముందు చెప్పేది అభ్యంగం. ఇది ఈ వ్యాధిని నయం చేస్తుందని కాదు. స్పర్శకు భయపడే దేహానికి అపాయం లేని స్పర్శను అలవాటు చేయడానికి ఇది సులభమార్గం. వాగ్భటుడు తలకు, చెవులకు, పాదాలకు విశేషించి నూనె పట్టించవలెనన్నాడు. వారానికి రెండు మూడు పర్యాయాలు గోరువెచ్చని నువ్వులనూనె రెండు మూడు చెంచాలు తీసికొని, పాదాలతో మొదలిడి నెమ్మదిగా పావుగంట మర్దించుకొని, అరగంట ఆగి సున్నిపిండితో వేడినీటి స్నానం చేయవలెను. జ్వరం, అజీర్ణం ఉన్నపుడు వలదు. మానని గాయాలపై నూనె రాయకూడదు. ముఖ్యమైన నియమం ఒకటున్నది. ఎవరి ఒంటికి వారే రాసుకోవలెను. ఈ రోగులలో పలువురు చిన్ననాట దుర్మార్గుల చేతులలో బాధపడినవారు ఉంటారు. ప్రేమతోనైనా సరే, అడగకుండ తల్లి చేయి వేసినా వారికి భయం కలుగవచ్చును.

భోజనం, నిద్ర వేళ తప్పకూడదు. ఆకలితో ఉన్నపుడు, నిద్ర లేనపుడు ఒత్తిడికి ఎవరమైనా లొంగుతాము, వీరు మరింత త్వరగా లొంగుతారు. కోలుకొనే కాలంలో ఉపవాసవ్రతాలు మాని, అన్నం, పెసరపప్పు, నెయ్యి, మజ్జిగ వంటి సౌమ్యాహారం వేళకు పెట్టడం మేలు. మధ్యాహ్నం తరువాత కాఫీ, టీలు తగ్గించవలెను. మద్యం పూర్తిగా విడువవలెను. బిగువు లేచిన క్షణంలో ముఖానికి చల్లని నీరు కొట్టుకోవడం, పాదాలు కడుగుకొని నేలపై ఆనించి కూర్చొని నిశ్వాసాన్ని ఉచ్ఛ్వాసంకంటె దీర్ఘంగా విడవడం కొంత ఊరటనిస్తుంది. గుండెజబ్బున్నవారు మరీ చల్లని నీరు వాడరాదు. కుంభకం, భస్త్రిక వంటి తీవ్ర ప్రాణాయామాలు వీరికి నేను చెప్పను.

మూలికల విషయంలో కఠినంగానే చెప్పవలసి ఉన్నది. అశ్వగంధ మంచి మూలికయే. ఐనా నిద్రమాత్రలు, థైరాయిడ్ మాత్రలు వాడుతున్నవారు, గర్భిణులు, కాలేయవ్యాధి ఉన్నవారు స్వయంగా ప్రారంభించరాదు. సారస్వతారిష్టంలో పులియుట వలన సహజంగా మద్యసారం పుడుతుంది. మద్యపు అలవాటు నుండి బయటపడినవారికి అది తగదు. ఇక సర్పగంధ. 1931లో గణనాథసేన్, కార్తిక్‌చంద్ర బోస్ దీనిని ఉన్మాదంలోను, రక్తపోటులోను గుణకారిగా ప్రకటించినారు. 1952లో దాని నుండి రెసర్పిన్ వేరుచేయబడింది. అంతటి ప్రసిద్ధి గల ఓషధియే మనస్సును కుంగదీసి, చావు తలంపులను పెంచగలదు. 'మనశ్శాంతికి' అని పచారీ అంగడిలో దొరికే పొడులలో ఇది ఉన్నదేమో చూడకుండ ఈ రోగులకు ఇవ్వరాదు. తిరిగి వచ్చిన నొప్పులకు మందుల దుకాణంలో అడిగి మాత్రలు తెచ్చి మింగడం కూడ ప్రమాదకరం. ముఖ్యంగా ట్రమడాల్ అనే మాత్ర, దిగులు తగ్గించే కొన్ని మందులతో కలిసినపుడు ప్రాణాపాయం తేగలదు. మానసిక వైద్యుడు ఇచ్చిన మందులను ఆయనను అడగకుండ తగ్గించడం గాని, మానడం గాని చేయకూడదు. ఆయుర్వేదం వాడుతున్న సంగతి ఆయన వద్ద, ఆయన మందుల సంగతి మా వద్ద దాచకూడదు.

నొప్పి ఏ రోజు ఎంత తెలిసింది, ఆ రోజు మనస్సు ఎట్లున్నది అని రోగి చేతనే ఒక చిన్న పుస్తకంలో రెండు పంక్తులు వ్రాయించడం చాల ఉపయోగపడుతుంది. తలనొప్పి లేచిన రోజులలోనే ఇంట తగవు జరిగిందో, నిద్ర తప్పిందో నెలలోనే బయటపడుతుంది. నొప్పి మరల మొద్దుబారుతున్నట్లు, తన దేహం తనది కానట్లు అనిపిస్తున్నట్లు వ్రాసికొంటే మాత్రం ఆలస్యం చేయక మానసిక వైద్యుని కలిసికోవలెను. అర్ధరాత్రి వేళ ఎవరూ అందుబాటులో లేనపుడు, ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవ ఉన్నది. 14416 నంబరుకు రాత్రింబగళ్ళు ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. రోగియే చేయనక్కరలేదు, ఇంటివారు కూడ సలహా అడుగవచ్చును.